ఈకల పురుగు

నెరెయిదా అక్కా, నా తప్పులు, కోడిగీతల రాత చూసి నవ్వకు.

మా ఆయన గాజుతొట్టిలో ఉప్పునీళ్లు పోసి పెంచే ఈకల పురుగు, గొట్టంలో ఉండే సముద్రపు పురుగులే, నేను తొట్టి అద్దం తుడుస్తుంటే బెదిరి, పూవులాంటి ఈకలన్నీ రాల్చేసింది.

"చచ్చింది! నా పెళ్లానిది చెడ్డ చెయ్యిరా. ముట్టుకుంటే మొక్కయినా చస్తుంది, కడుపులో బిడ్డయినా అంతే," అన్నారు డామినో ఆటకొచ్చిన స్నేహితులతో.

"నీకు కూడు పెట్టేదీ ఆ చెయ్యేగా ఎలాడియో, జాగ్రత్త!" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

పురుగు ఉండే గొట్టాన్ని పారెయ్యమన్నారు. నేను సీసాలో దాచి, సమానా రేవు నుంచి రోజూ కొత్తనీళ్లు తెచ్చి పోశాను. నిన్న అందులోంచి ఎర్రని ఈకలు విచ్చుకున్నాయి. నాది చెడ్డ చెయ్యి కాదని పరిగెత్తి ఆయనకు చూపించాను.

"పిచ్చిమొహమా! ఈకలు రాలినా అది చావదని నాకప్పుడే తెలుసు. ఊరికే అన్నా."

"బిడ్డ గురించి అన్నదీ ఊరికేనా అండీ?"

ఆయన సీసాను తొట్టిలో కుమ్మరించారు. అందులోకి ఆయన కొత్తగా తెచ్చిన పసుపు చేప ఆ పురుగును నా కళ్లముందే పీక్కుతింది.

"ఇప్పుడు నిజంగా చచ్చింది. సీసా ఇక్కడికి తెచ్చిన చెయ్యి ఎవరిది?" అన్నారు.

ఈ కార్డు పొయ్యిలో పెట్టక్కా. అమ్మ చదివితే తనూ ఆయన మాటే నమ్ముతుంది.