రెండేళ్ల నాటి అలుకు

“సోమక్కా, చూశావా! ఈ మట్టి కింద ఎంత చక్కటి రాతిగోడ!” ఎవరి కొలువూ లేకుండా, పాత కట్టడాల పటాలు గీస్తూ బస్తరు సంస్థానమంతా తిరిగే చిదంబరరావు, గీకడం ఆపి మురిసిపోయాడు.

ఉసూరు దగ్గరి ఆ పాడుబడ్డ సత్రంలోనే సోమక్క కాపురం. అడవి నుంచి వచ్చిన ఆమె చేతిలోంచి ఇప్పపూల గంప జారిపోయింది.

“ఏంది దొరా, గోడ కొలుస్తనంటివి గదా!”

“కొలవాలంటే మట్టి తీయాలి. ఇదేం పాతది కాదులే. మహా అయితే రెండేళ్ల నాటి అలుకు.”

“అవు. నా బిడ్డ అలికింది. మర్నాడే జరమొచ్చి పోయింది. అందుకే మళ్లా అలకలే.”

చిదంబరరావు తాపీ కింద పెట్టేశాడు. “నేను... అలికిస్తాను.”

సోమక్క రాలిన పెళ్ల ఒకటి ఏరి, దాని మీద మిగిలిన వేళ్ల గీతల్లో తన వేళ్లు పెట్టి చూసుకుంది.

ఆ సన్నటి గీతల్లో అవి పట్టలేదు.