ప్లగ్ పీకాక

ద్రవ హీలియం బాగా చల్లబడి సూపర్‌ఫ్లూయిడ్‌గా, అంటే రాపిడే లేకుండా పారే ద్రవంగా, మారగానే మరగడం ఠక్కున ఆగిపోతుంది. టెక్సాస్‌లో ఒక యూనివర్సిటీ బేస్‌మెంట్ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న దేదీప్యకు మూడేళ్లయినా ఆ నిశ్శబ్దం అలవాటు కాలేదు.

ఆ ద్రవంలో నైట్రోజన్ కలిపి, హై వోల్టేజ్ ఇచ్చి, వెలుగు కోసం చూడడం ఆమె పని. నమ్మకమైన రీడింగ్ దొరికేదాకా నోట్‌బుక్‌లో పెన్ను పెట్టనని ఒట్టు పెట్టుకుంది. మూడేళ్ల రాతంతా పెన్సిల్‌తోనే ఉంది. ఈ సెమిస్టర్ దాటితే టాపిక్ మార్చాలన్నారు ప్రొఫెసర్.

ఆ రాత్రి వోల్టేజ్ ఆపేసి లైట్లార్పింది. గాజు పాత్రలో ఆకుపచ్చగా ఏదో మెరిసింది. కాసేపటికి మళ్లీ మెరిసింది. ఆమె తన ల్యాబ్‌మేట్ ఉమాకాంత్‌కు ఫోన్ చేసి చెప్పింది.

"ఏదో మీటర్ మీది ఎల్ఈడీ లైటు అయ్యుంటుంది. బ్లాక్ టేప్ వెయ్."

"అన్నిటికీ వేశాను."

"అయితే హై వోల్టేజ్ ఆఫ్ చెయ్."

"పది నిమిషాలైంది ఆఫ్ చేసి. ప్లగ్ కూడా పీకేశా. నా చేతిలోనే ఉంది, ఉమాకాంత్."

పాత్ర ఇంకోసారి మెరిసింది. సరిగ్గా అదే క్షణాన, పాత్రకు తగిలించిన బ్యాటరీ మీటర్‌లో ముల్లు కదలడం ఆ వెలుగులో కనిపించింది. ఎవరూ పంపని కరెంటు లోపల పారుతోంది.

"ఏదీ ముట్టుకోకు. వచ్చేస్తున్నా," అన్నాడు ఉమాకాంత్.

దేదీప్యకు నవ్వొస్తోంది. చీకట్లో తడుముకుంటూ కొత్త పేజీ తిప్పి, పెన్ను మూత తీసి, టైమ్ వేసింది.

ఆమె రాయడం పూర్తయ్యేదాకా పాత్ర చీకటిగానే ఉంది. పెన్ను పైకి లేవగానే మళ్లీ మెరిసింది.