మైకు దవడ

"కోస్తారా? నా నోరా? మీ తరం కాదు!"

ఆ అరుపుకి వార్డంతా ఉలిక్కిపడింది. అరిచింది కూరగాయల మార్కెట్లో వేలం వేసే మనిషి. అక్కడ అతన్ని అందరూ 'మైకు' అంటారు. ఆ గొంతే అతని బతుకుతెరువు.

డాక్టరమ్మ మళ్ళీ ఓపిగ్గా చెప్పింది. "మీ షుగర్ అదుపు తప్పింది. ముక్కులో మొలిచిన బూజు పై దవడలోకి దిగింది. చచ్చిన ఎముకలోకి నెత్తురు పోదు, మందూ పోదు. తీసేయాల్సిందే."

"దవడ లేకుండా వేలం ఎలా వేయను? సైగలతోనా?"

"తీసిన చోట కట్టుడు పళ్ళ ప్లేటు పెడతాం. మాట వస్తుంది."

"అక్కర్లేదు. చస్తే నా నోటితోనే చస్తా!"

డాక్టరమ్మ తల పట్టుకుని వెళ్ళిపోయింది.

పక్క మంచం మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్న పెద్దావిడ పకపకా నవ్వింది. శాలువా కప్పుకుంది. పలువరస చెక్కు చెదరలేదు. ఎవరికో తోడుగా వచ్చి ఉంటుందనుకున్నాడు మైకు.

"ఎందుకండీ నవ్వు?"

"ఇంత గొంతు పెట్టుకుని, రొట్టె మీద మొలిచే బూజుకి లొంగిపోతుంటే నవ్వు రాదూ?"

"నేను లొంగడమేంటి? ఎదిరిస్తున్నా!"

"డాక్టర్ని ఎదిరిస్తున్నావు. బూజుకి మాత్రం పీట వేసి కూర్చోబెడుతున్నావు."

మైకుకి ఒళ్ళు మండింది. "పళ్ళన్నీ ఉన్నవాళ్ళు ఎన్నైనా చెబుతారు. మీ సొమ్మేం పోయింది?"

"దమ్ముంటే కోయించుకుని రా. నా ఎదురుగా నిలబడి అరిచి చూపించు. ఎవరి గొంతు పెద్దదో తేల్చుకుందాం."

పంతానికి పోయి ఆ సాయంత్రమే ఆపరేషన్‌కి సరేనన్నాడు.

ఆపరేషన్ అయ్యాక వేరే వార్డులో ఉంచారు. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి. ఏడుపొచ్చేది. అయినా పంతం వదల్లేదు. ప్లేటు పెట్టించుకుని ఇంటికెళ్ళాక రోజూ గోడకి టమాటాలు వేలం వేశాడు. ఇంట్లోవాళ్ళు చెవులు మూసుకున్నారు.

గొంతు దారికి రాగానే నేరుగా పాత వార్డుకి వెళ్ళాడు.

"పెద్దమ్మా! రా, ఇప్పుడు తేల్చుకుందాం!"

వార్డంతా మళ్ళీ ఉలిక్కిపడింది. ఆ మంచం మీద ఎవరో కొత్తవాళ్ళున్నారు.

నర్సు దగ్గరికొచ్చింది. "మీ ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే పోయిందండీ ఆవిడ."

మైకు ఆ మంచం కేసి మళ్ళీ చూశాడు. "పోవడమేంటి? ఎవరికో తోడుగా వచ్చింది కదా?"

"తోడా? ఆ మంచం ఆవిడదే. దవడ తీయనివ్వనని మీకంటే గట్టిగా మాతో పోట్లాడింది. తీరా ఒప్పుకునేసరికి బూజు మెదడుకి పాకిపోయింది."