ఓడ చొక్కా

"ముందు ఆ చొక్కా విప్పి మాట్లాడరా," అన్నాడు మాబో.

కోరాయ్ విప్పలేదు. వాకిట్లో రాలిన జామపండు ఏరుకుని కొరికాడు. పోయిన పౌర్ణమికి దారి చూపించమని, సముద్రం దాటొచ్చిన గడ్డాలవాళ్లు ఓడెక్కించుకుపోయిన తమ్ముడు. పొద్దు వాలాక ఒంటరిగా, ఒంటిమీద వాళ్ల బట్టతో తిరిగొచ్చాడు.

"పడవ చప్పుడు వినబళ్లేదే. ఎలా వచ్చావు?"

"వచ్చాను కదన్నా. రేపు తనాయని ఓడకి పంపకు. ఇప్పుడే కొండెక్కేయండి."

తెల్లారితే మాబో కూతురు తనాయ, ఊరి ఆడపిల్లలతో కలిసి ఓడకి రొట్టెలు పట్టుకెళ్లాలి. ఊరిపెద్ద మాటిచ్చేశాడు. బదులుగా ఎర్ర పూసలు, గజ్జెలు ఇస్తారట.

"ఎందుకు పంపకూడదు? వాళ్లు చచ్చినవాళ్లనా?"

చచ్చి తిరిగేవాళ్లకి బొడ్డుండదు. అది పసిపిల్లలకీ తెలుసు. గడ్డాలవాళ్లు మెడదాకా బట్ట కప్పుకునే ఉంటారు కాబట్టి ఊళ్లో అందరికీ అదే అనుమానం.

"కాదు. నేను చూశాను. అందరికీ బొడ్లున్నాయి. మనలాంటి మనుషులే. అందుకే పారిపొమ్మంటున్నా."

"మనుషులైతే భయమెందుకురా?"

"మొదట నీ ముక్కుకమ్మి అడుగుతారు. తర్వాత ఆ బంగారం ఏ ఏట్లో దొరికిందో చూపించమంటారు. చూపించలేకపోతే..." కోరాయ్ చొక్కా కిందికి లాక్కున్నాడు.

తనాయ పొయ్యి మీంచి కర్రపెండలం రొట్టె తెచ్చింది. "తిను చిన్నాన్నా. చిక్కిపోయావు."

"వద్దమ్మా."

"ఓడలో విందులు తిన్న నోటికి మన రొట్టె ఏం రుచిస్తుంది," అన్నాడు మాబో. "చూడు, నువ్వు పెంచిన కుక్కే నీ దగ్గరికి రావట్లేదు."

కుక్క ఊయల కిందనుంచి కదల్లేదు.

మాబోకి సంగతి అర్థమైంది. ఊరు కొండెక్కితే తోటలన్నీ ఖాళీ. గడ్డాలవాళ్లు అడిగే దిక్కులేకుండా కర్రపెండలమంతా తవ్వుకుపోతారు; అందుకే వీణ్ణి పంపారు. పెళ్లాం పోయాక ఈ తమ్ముణ్ణి, కూతుర్ని చూసుకునే బతికాడు.

"ఏమిచ్చి కొన్నార్రా నిన్ను?"

"అన్నా, నీకెప్పుడన్నా అబద్ధం చెప్పానా?"

"చొక్కా ఎప్పుడన్నా తొడిగావా?"

తనాయ నవ్వబోయి, చిన్నాన్న మొహం చూసి మానుకుంది.

"పూసలిచ్చారా? గజ్జెలిచ్చారా? నడుముకి కట్టుకున్నావు. అందుకే విప్పట్లేదు."

"విప్పమనకన్నా. పిల్ల చూస్తోంది."

"పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉంది. ఇవాళ కొత్తగా సిగ్గొచ్చిందా?"

మాబో ఒక్క అంగలో వెళ్లి తమ్ముడి మెడ పట్టుకున్నాడు. కోరాయ్ పెనుగులాడలేదు. మాబో ఆ చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చి నడుమంతా తడిమాడు. పొట్టంతా తడిమాడు. పూసల్లేవు. గజ్జెల్లేవు.

బొడ్డూ లేదు.