రెండు జాకీలు

"ట్రాలీ తొట్టిని లేపే పంపు ట్రాక్టర్‌కే పెట్టించండి సార్. అదే మంచిది," అన్నాడు జాకీ.

చిన్నసారు వెల్డరు వైపు తిరిగాడు. "విన్నావుగా? అయితే ట్రాలీకే పెట్టు."

వెల్డరు చేతిలో సుద్దముక్కతో ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. వెనక కొక్కెం ఉన్న తన పాత జీపుని గేటు దగ్గర ఆపి ఇంకా గంటైనా కాలేదు, ఈ ఇసుక యార్డు సంగతి అతనికి అర్థమైపోయింది. జాకీ ఔనన్నది చిన్నసారు కాదంటాడు.

"ట్రాక్టర్‌కైతే తేలికండీ. ట్రాలీకంటే బ్యాటరీ, పంపు, ఆయిల్ డబ్బా, స్విచ్చి, అన్నీ విడిగా తెచ్చి దానికే బిగించాలి."

"బిగించు. కొత్త ట్రాక్టర్‌కి చిల్లులు పొడవనిస్తానా? ఈ ముసలాడి సలహాలు వింటే యార్డుకి ఎప్పుడో తాళం పడేది."

ఆ ముసలాడే జాకీ. అతని అసలు పేరు అక్కడ ఎవరికీ గుర్తు లేదు. పన్నెండేళ్లుగా చిన్న ట్రాక్టర్ వెనక ట్రాలీలో ఇసుకో కంకరో తీసుకెళ్లి, పిన్ను లాగి, తొట్టి కింద భుజం పెట్టి ఎత్తి కుమ్మరించేవాడు. అందుకే జాకీ అయ్యాడు. ఈలోగా యార్డులో ట్రాక్టర్లు రెండు మారాయి. ట్రాలీ మారలేదు, జాకీ మారలేదు.

ఇప్పుడా భుజం పోయింది. నాలుగు నెలల కిందట పట్టు తప్పిన చెయ్యి తల దాకా లేవడం లేదు. లోడంతా పారతో లాగి దించుతుంటే గంట పడుతోంది. యాభై ఎనిమిదేళ్ల వయసులో, భుజబలం తప్ప మరో విద్య లేనివాణ్ని ఇంకే యార్డు వాళ్లూ గేటు లోపలికి రానివ్వరు. ఇక్కడ పని పోతే అతనికి బతుకు లేదు. ఆ సంగతి అతనికి తెలుసు, చిన్నసారుకి ఇంకా బాగా తెలుసు.

పెద్దసారు పోయి, కొడుకు ఆ కుర్చీలో కూర్చున్న రోజే జాకీ వెళ్లి, "ట్రాలీ గురించి ఒక్క మాట చెప్పాలి సార్," అన్నాడు.

"ట్రాలీ గురించి నీ దగ్గర పాఠాలు నేర్చుకునే ఖర్మ నాకు పట్టలేదు. పోయి పని చూసుకో," అన్నాడు చిన్నసారు. జాకీ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ట్రాక్టర్ సీటు మీద కాళ్లు చాపుకుని కూర్చున్న చిన్నసారు బావమరిది ఇప్పుడు పళ్లికిలించాడు. "బావా, అసలు జాకీ వచ్చాక ఈ డూప్లికేట్ జాకీ ఎందుకు మనకి?"

"బిగింపు అయ్యేదాకా ఉండనీరా. బోల్టులు పట్టుకోవడానికి ఎవడో ఒకడు కావాలిగా."

వినాలనే అన్న మాట అది. జాకీకి ఒళ్లు మండిపోయింది. పళ్లు బిగబట్టి స్పానర్ అందుకున్నాడు.

"తొట్టిని ఎత్తే సిలిండర్ చిన్నది చాలు సార్. మన లోడుకి అదే ఎక్కువ," అన్నాడు జాకీ మర్నాడు పొద్దున్నే.

"పెద్దదే తెప్పించు," అన్నాడు చిన్నసారు వెల్డరుతో.

"పైపులు పాతవి ఉన్నాయి కదా..."

"కొత్తవి వెయ్యి."

"రంగు మాత్రం దండగ సార్. తుప్పు గీకేస్తే సరి."

"రెండు పూతలు వెయ్యి."

వెల్డరుకి నవ్వాలో జాలి పడాలో తెలియలేదు. ట్రాలీ కింద పడుకుని, పక్కనే బోల్టు పట్టుకున్న జాకీతో గొంతు తగ్గించి అన్నాడు. "ఏంటి బాబాయ్, తెలిసే చేస్తున్నావా? ఇది లేచిందంటే నీ పని పోయినట్టే."

"తెలుసు. ఆ అతుకు సన్నగా పడింది, ఇంకోసారి కాల్చు."

"ఊడితే వాళ్ల ఖర్మ. నీకెందుకంత పట్టింపు?"

"దీంతో బతకాల్సిన వాళ్లుంటారు అబ్బాయ్."

"సర్లే. ఈ ఇనప పెట్టె అడ్డంగా ఉంది, కోసెయ్యనా?"

"దాన్ని ముట్టుకోకు. అందులో నా సామాను ఉంది." తాళం సరిగా ఉందో లేదో లాగి చూసుకున్నాడు జాకీ.

మూడో రోజు మధ్యాహ్నానికి పని పూర్తయింది. ట్రాలీ నిండా ఇసుక పోయించి, బావమరిది చేత స్విచ్చి నొక్కించాడు చిన్నసారు. పంపు గుర్రుమంది. తొట్టి వణక్కుండా లేచింది. ఇసుక జర్రున జారి కుప్పైంది. జాకీ చెయ్యి తెలియకుండానే పాడైన భుజం మీదికి వెళ్లింది.

"చూశావా? పన్నెండేళ్లు నువ్వు మూలిగి మూలిగి చేసిన పని. ఒక్క వేలు చాలింది. ఇక దయచెయ్యి."

జాకీ గొంతు సవరించుకున్నాడు. అడగాలంటే సిగ్గేసింది, అయినా అడిగాడు. "ఇన్నేళ్లు చేశాను సార్. ఆ స్విచ్చి నొక్కడానికైనా ఉంచుకోండి. ఆఖరుసారి అడుగుతున్నాను."

"అందుకు మావాడున్నాడు. నీ మొహం చూసి మా నాన్న మోసపోయాడేమో, నేను పోను. సాయంత్రానికి నీదన్నది ఒక్క మేకు కూడా నా యార్డులో కనిపించకూడదు."

"ఒక్క మేకు కూడానా సార్?"

"చెవుడా? ఒక్క మేకు కూడా. ఇదిగో, వెల్డరే సాక్షి."

తొట్టి దించాక జాకీ కిందికి వంగి ఇనప పెట్టె తాళం తీశాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాయితాలు తెచ్చి చిన్నసారు చేతిలో పెట్టాడు.

"ఏంటిది, అర్జీయా? కాళ్లు పట్టుకున్నా లాభం లేదు," అంటూనే విప్పాడు చిన్నసారు. తండ్రి చేతిరాత, కింద తండ్రి సంతకం. చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. మొహంలో నెత్తురు లేదు. బావమరిది మెల్లగా స్విచ్చి మీంచి వేలు తీసేశాడు.

జాకీ తువ్వాలు దులిపి, బాగున్న భుజం మీద వేసుకున్నాడు.

"అబ్బాయ్, నీ జీపు ఇటు వెనక్కి తే, నా ట్రాలీ తగిలించుకుపోతాను."