అన్నీ పక్షులే

"ఒక్కదాన్నైనా మార్చు నాన్నా, ప్లీజ్," అంది ఇషా, కారు దిగకుండానే.

వీరభద్రం చేతిలోని గేమ్ తెరను కూతురి వైపు తిప్పాడు. ఆరు మాన్‌స్టర్లు. ఆరూ పక్షులే.

"బాగా లేవా?"

"క్యూట్‌గా ఉన్నాయి. బట్ ఆల్ సిక్స్ ఒకటే టైప్! ఒకదాని వీక్‌నెస్సే అన్నిటికీ వీక్‌నెస్. ఎవరైనా ఎలక్ట్రిక్ టైప్ తెస్తే నీ పని అయిపోతుంది నాన్నా."

"తేనీయ్," అన్నాడు వీరభద్రం, తలుపు తీస్తూ.

బాతెల్ ఊళ్ళోని ఆ చిన్న గేముల షాపులో ఆ రోజు డబుల్స్ పోటీ. ఒక్కొక్కరు రెండేసి మాన్‌స్టర్లను ఒకేసారి బరిలోకి దించాలి. వచ్చేది పదిమందిలోపే కాబట్టి అందరూ అందరితోనూ ఆడతారు. ఇషా భయం అదే. ఎలక్ట్రిక్ టైప్ ఆడేవాడు ఆ షాపులో ఒక్కడే. నిశాంత్. ఆమె ప్రేమించిన నిశాంత్.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఆమె ఇక్కడే పుట్టిన పిల్ల. అతను వరంగల్ నుంచి వచ్చి వీసా మీద ఉద్యోగం చేస్తున్నవాడు. అలాంటి కుర్రాడు సిటిజన్ పిల్లని చేసుకుంటే గ్రీన్ కార్డు కోసమేనని పార్టీల్లో అంకుల్స్ నవ్వుకోవడం ఆమె ఎన్నోసార్లు విన్నది. నాన్న నవ్వేవాడు కాదు. కాదనేవాడూ కాదు.

మొదటి ఆటలో ఎదురుగా గడ్డం పెంచిన ఓ పెద్దమనిషి కూర్చున్నాడు. వీరభద్రం తాపీగా భూకంపం బటన్ నొక్కాడు. ఆ దెబ్బ బరిలో ఉన్న అన్నిటికీ తగులుతుంది, సొంత జోడీతో సహా. కానీ గాల్లో ఎగిరే పక్షికి భూమి కంపిస్తే ఏం? అవతలి రెండూ కూలిపోయాయి. ఇటువైపు ఈక కూడా రాలలేదు.

"అన్నీ పక్షులే ఎందుకో ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు కూతురితో, మురిసిపోతూ.

ఆ మురిపెం ఎంతోసేపు నిలవదని ఇషాకి తెలుసు. నిశాంత్‌ని వెతుక్కుంటూ షాపు వెనక్కి వెళ్ళింది.

"నెక్స్ట్ మా నాన్నతోనే. తెలుసా?"

"బోర్డు మీద పేరు జూసిన," అన్నాడు నిశాంత్.

"ఓడిపో."

"ఏంది?"

"జస్ట్ వన్ మ్యాచ్ నిశాంత్. ఆయన హ్యాపీగా ఉంటారు. రేపు మన సంగతి చెప్తే నువ్వు గుర్తుంటావు. మంచి అబ్బాయిగా."

నిశాంత్ ఏదో అనబోయాడు. అంతలో అతని పేరు పిలిచారు.

ఆట మొదలైంది. నిశాంత్ ముందుగా దించింది తన ఎలక్ట్రిక్ మెరుపుల జంటని కాదు. నీటి జంతువునీ, బండరాయి లాంటిదాన్నీ దించాడు. ఇషా ఊపిరి పీల్చుకుంది. వీరభద్రం పక్షులు రెక్కలు విప్పి, మళ్ళీ భూకంపంతో వరసగా దెబ్బలు వేశాయి. బండరాయి పడిపోయింది. కాసేపటికి నీటి జంతువూ పడిపోయింది.

"బాగా ఆడుతున్నారంకుల్," అన్నాడు నిశాంత్.

వీరభద్రం తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. "మీది ఏ ఊరు బాబూ?"

"వరంగల్ అంకుల్."

"ఊఁ. కానీయ్ మరి, టైమ్ నడుస్తోంది."

నిశాంత్ మెరుపుల జంటని దించాడు. కానీ బటన్ మీద వేలు పెట్టి ఆగిపోయాడు. తెర మీద గడియారం తగ్గుతోంది. ఒక్కసారి ఇషా వైపు చూశాడు. ఆమె కళ్ళతోనే బతిమాలింది. అతను తల దించుకున్నాడు.

"సారీ అంకుల్," అంటూ నొక్కాడు.

తెరంతా తెల్లగా మెరిసింది. రెండు పక్షులూ ఒక్కసారే నేలరాలాయి. తర్వాత వచ్చినవీ అంతే. వీరభద్రం చివరి జంటని దించి, తొందరలో వేరే బటన్ నొక్కబోయాడు.

"అంకుల్, అది నొక్కితే మీ టర్న్ వేస్టయితది. పక్కది నొక్కుండ్రి," అన్నాడు నిశాంత్.

వీరభద్రం పక్కది నొక్కాడు. ఆ పక్షులు చేయగలిగినంత చేసి, అవీ పడిపోయాయి.

నిశాంత్ నవ్వలేదు. లేచి నిలబడి, రెండు చేతులతో ఆయన చేయి పట్టుకున్నాడు. "ఆ భూకంపం ఐడియా నాకు రాలే అంకుల్. మస్తు ఆలోచించిండ్రు," అన్నాడు.

ఇషా అతని వైపు చూడనైనా చూడలేదు. ఒక్క ఆట ఓడిపోతే అతని సొమ్మేం పోయింది? తన కోసం ఆ మాత్రం చేయలేనివాడు రేపు ఇంకేం చేస్తాడు?

తిరిగి వెళ్ళేటప్పుడు కారు ఆమే నడిపింది. సన్నగా వాన పడుతోంది.

"బాధగా ఉందా నాన్నా?" అంది ఇషా.

"దేనికి?"

"ఓడిపోయావు కదా. నేను చెప్తూనే ఉన్నాను, ఒక్కటి మార్చమని. ఆ టీమ్‌తో ఎలక్ట్రిక్ మీద గెలవడం ఇంపాజిబుల్."

"ఇంపాజిబుల్ కాదమ్మా. ఒక్క దారి ఉంది," అన్నాడు వీరభద్రం, అద్దం మీది వాన చుక్కల్ని చూస్తూ.

"ఏంటది?"

"ఆ అబ్బాయి నన్ను మంచి చేసుకోడానికి కావాలని ఓడిపోవాలి."

ఇషా చేతులు స్టీరింగ్ మీద బిగుసుకుపోయాయి.

"మధ్యలో నీ వైపు చూసి కూడా ఓడిపోలేదు," అన్నాడు వీరభద్రం. "ఆదివారం భోజనానికి రమ్మని చెప్పు నీ నిశాంత్‌ని."