చప్పుడు చెయ్యని గిన్నె

దుర్గాప్రసాద్ రెండు రోజులు కూర్చుని చేసిన మామిడిచెక్క గిన్నెను ఆమె చేతిలోకి తీసుకుంది. లోపలా బయటా తడిమి చూసింది. తర్వాత నడుమెత్తున పట్టుకుని నేలమీదికి వదిలేసింది.

టక్కుమంది గిన్నె. రెండు గెంతులు గెంతి లేత్ మిషన్ కిందికి దొర్లిపోయింది.

“అయ్యో! అదేం పనమ్మా?”

“చప్పుడవుతందండీ. ఇంకొకటేదన్నా ఉందా?” అంది ఆమె నెమ్మదిగా.

ఆమె పేరు అమలమ్మ. పామర్రు నుంచి రెండు బస్సులు మారి ఇబ్రహీంపట్నం వచ్చింది. థర్మల్ స్టేషన్‌లో రిటైరైన దుర్గాప్రసాద్ పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని, సరదాకి చెక్క గిన్నెలు, పూలకూజాలు చేస్తుంటాడని ఎవరో చెప్పారట.

ఆయన కోపం దిగమింగి టేకు గిన్నె ఇచ్చాడు. ఆమె దాన్నీ వదిలేసింది.

“ఇది ఇంకా మోగతంది.”

దుర్గాప్రసాద్‌కి కోపం పోయి వింతగా అనిపించింది. “ఇంట్లో పసిబిడ్డ ఉందా? నిద్ర లేస్తుందనా?”

“పిల్లలు పెద్దోళ్లండీ. ఇది మా ఆయన అన్నం తినడానికి.”

“ఆయనకి తలనొప్పా? చెవి జబ్బా?”

“అయ్యేం లేవండీ.”

“మరెందుకమ్మా? కారణం చెప్తే చేసిస్తాను.”

అమలమ్మ తల దించుకుంది. సంచి తీసుకుని బయల్దేరింది. ఆమె గేటు దాకా వెళ్లేసరికి దుర్గాప్రసాద్ మనసు ఆగలేదు.

“వచ్చే ఆదివారం రండమ్మా. చూద్దాం!”

ఆ వారమంతా ఆయన షెడ్డులో ఉన్న చెక్కలన్నీ కింద పడేసి విన్నాడు. వేప మోగింది. నిద్రగన్నేరు కాస్త తక్కువ మోగింది. చివరికి మూలనున్న ఎండిన బూరుగు దుంగ గుర్తొచ్చింది. పట్టుకుంటే దూదిలా తేలిక. ఉలి ఆనిస్తే చాలు, పీచు లేస్తుంది. సాండ్ పేపర్ మీద సాండ్ పేపర్ అరగదీసి, అడుగు మందంగా ఉంచి, ఎలాగో గిన్నె తేల్చాడు.

“అది వాళ్లు తినడానికా, మీరు పడేసి ఆడుకోడానికా?” అంది భార్య సుబ్బరత్నం.

ఆదివారం అమలమ్మ ఒక్కతే రాలేదు. మెడదాకా గుండీలు పెట్టుకున్న సన్నపాటి మనిషి వెంట ఉన్నాడు.

“మా ఆయనండీ, ఏసుపాదం.”

ఆయన వినయంగా నమస్కారం పెట్టాడు. గిన్నె చూసి, “బూరుగు కదండీ? మా కాలవగట్టున ఉండేయి” అన్నాడు. మాటలో, చూపులో ఏ తేడా లేదు. దుర్గాప్రసాద్ ఉండబట్టలేక, ఎలా చేస్తారో చూపిస్తానంటూ లేత్ ఆన్ చేశాడు. మిషన్ చెవులు చిల్లులు పడేలా గర్జించింది. ఏసుపాదం ముచ్చటపడి ఇంకా దగ్గరికి జరిగాడు.

‘ఈయన చప్పుడుకి భయపడేదేంటి?’ దుర్గాప్రసాద్‌కి అంతుపట్టలేదు.

మిషన్ ఆగాక అమలమ్మ గిన్నెను నేలమీదికి వదిలింది. దిండు పడ్డట్టు మెత్తగా పడింది. మళ్లీ వదిలింది. మళ్లీ అంతే. ఆమె మొహం విచ్చుకుంది.

“ఇదేనండీ. ఇదే.” కళ్లు తుడుచుకుంది.

సుబ్బరత్నం అందరినీ వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చి లోపలికి వెళ్లింది. ఏసుపాదం గ్లాసు ఊదుకుంటూ, ఈ చెక్కతో చెంచా కూడా వస్తుందా అని అడుగుతున్నాడు.

అంతలో వంటింట్లో స్టీలు పళ్లెం జారి, గింగిరాలు తిరుగుతూ మోగింది.

ఏసుపాదం చేతిలో గ్లాసు కింద పడింది. ఒక్క ఉదుటున లేచి, గోడకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని, తల వంచి నిలబడ్డాడు.

“ఏం లేదయ్యా, ఏం లేదు, కూర్చో!” అమలమ్మ పరుగున వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆయనకి ఆమె మాట వినపడలేదు. గొంతెత్తి అన్నాడు:

“ఖైదీ నంబరు నాలుగొందల పన్నెండు, హాజరు సార్!”